ప్రాక్టీసు అయిన అరగంటకు ఒక ప్రశ్న

"ఇవాళ ప్రాక్టీసు ఎలా గడిచిందిరా?"

"ఆరు సార్."

వాలీబాల్ కోర్టు దిగి, ముఖం కడుక్కుని, బూట్లు సంచిలో సర్దుకుంటున్న కుర్రాడికీ కోచ్‌కీ మధ్య జరగాల్సిన సంభాషణ ఇంతే. జవాబు సున్నా నుంచి పది దాకా ఒక అంకె. సున్నా అంటే విశ్రాంతి. మూడంటే ఓ మోస్తరు. ఐదంటే కష్టం, ఏడంటే చాలా కష్టం. పదంటే ఇంతకు మించి ఒంట్లో ఏమీ మిగల్లేదని. ఆ అంకెను ప్రాక్టీసు నడిచిన నిమిషాలతో గుణించాలి. 90 నిమిషాల ప్రాక్టీసుకు ఆరు అన్నాడంటే 540. ఆ పూట ఆ కుర్రాడి మీద పడిన భారం అది.

ఈ పద్ధతి పేరు సెషన్ ఆర్‌పీఈ, అంటే పూట మొత్తం శ్రమ ఎంతని ఆటగాడికి తోచిందో చెప్పే అంకె. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వ్యాయామ శాస్త్రవేత్తగా పనిచేసిన కార్ల్ ఫోస్టర్ దీన్ని 1990ల్లో రూపొందించి, 1998లోనూ 2001లోనూ ప్రచురించిన పత్రాల్లో వివరంగా రాశాడు. యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు, ఛాతీకి కట్టే పట్టీ లేదు. నోటుపుస్తకం, గడియారం ఉంటే సరిపోతుంది. ఇంత చవకైన దానిలో పనితనం ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆటగాళ్ల అలసటను పట్టుకోవడానికి మనుషులు తయారుచేసిన పనిముట్లలో ఆటగాణ్ణి ఇంత తక్కువ ఇబ్బంది పెట్టి, కోచ్‌కి ఇంత ఎక్కువ చెప్పేది మరొకటి లేదని నా నమ్మకం. దీనిలో పైకి యథాలాపంగా కనిపించే ప్రతి చిన్న ఏర్పాటు వెనకా ఒక ఆలోచన ఉంది. వాలీబాల్‌ను దగ్గర పెట్టుకుని చూస్తే ఆ ఆలోచన మరింత తేటగా తెలుస్తుంది.

ఫోస్టర్ కంటే ముందే ఇద్దరు దారి వేశారు. స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ 1960ల్లో, మనిషి తను పడుతున్న శ్రమను తానే అంకెల్లో చెప్పగలడని చూపించాడు. ఆయన మొదటి కొలబద్ద 6 నుంచి 20 దాకా ఉండేది. ఆరుతో మొదలు పెట్టడానికి కారణం, దానికి పక్కన ఒక సున్నా చేరిస్తే కూర్చున్న మనిషి గుండె వేగం 60 వస్తుంది; చివర 20కి చేరిస్తే పూర్తి శ్రమలో గుండె కొట్టుకునే 200 వస్తుంది. సున్నా నుంచి పది దాకా ఉన్న కొలబద్ద ఆ తర్వాత ఆయనే చేసినది. రెండో మనిషి కెనడాలో పనిచేసిన ఎరిక్ బానిస్టర్. 1970ల్లో ఆయన గుండె వేగాన్నీ నిమిషాలనూ కలిపి, ఒక పూట శిక్షణ మొత్తాన్ని ఒకే అంకెలోకి తెచ్చాడు. ఫోస్టర్ బానిస్టర్ లెక్కలోంచి గుండె వేగాన్ని తీసేసి, ఆ స్థానంలో బోర్గ్ కొలబద్దను పెట్టాడు. చేసింది ఒక్క మార్పే. దాంతో పరికరం కొనగలిగిన జట్లకే దక్కే లెక్క పల్లెటూరి బడి జట్టుకు కూడా అందుబాటులోకి వచ్చింది.

వాలీబాల్‌కు ఆ మార్పు ఇంకో రకంగా మేలు చేసింది. ఈ ఆటలో ర్యాలీ సాధారణంగా పది సెకన్లలోపే ముగుస్తుంది. తర్వాత బంతి సర్వీసు లైను దగ్గరికి చేరేదాకా విరామం. గుండె వేగం ఇలా పెరుగుతుంది, అలా దిగుతుంది. సగటు తీస్తే మైదానం చుట్టూ మెల్లగా పరుగెత్తినవాడికీ, రెండు గంటలు నెట్ దగ్గర ఎగిరినవాడికీ పెద్ద తేడా కనబడకపోవచ్చు. కానీ ఎగిరినవాడి తొడలకు, మోకాళ్లకు, భుజానికి ఆ తేడా తెలుసు. గుండె వేగం చెప్పలేని సంగతిని ఆ అబ్బాయి నోరు చెబుతుంది.

ఇక వివరాలు చూద్దాం. మొదటిది అరగంట ఆగడం. ప్రాక్టీసు చివర్లో కోచ్ పరుగులు పెట్టించాడనుకోండి, విజిల్ ఊదగానే అడిగితే ఎవరైనా తొమ్మిదనే అంటారు. చివర్లో సరదాగా జట్లుగా విడిపోయి ఆడుకున్నారనుకోండి, అంతకుముందు గంటసేపు పడ్డ యాతన మరిచిపోయి నాలుగంటారు. అరగంట గడిస్తే ఆఖరి పది నిమిషాల రుచి పోతుంది, పూట మొత్తం గుర్తుకొస్తుంది. రెండోది ప్రశ్న వేసే తీరు. "అలిసిపోయావా?" అని అడగకూడదు. అలా అడిగితే ఏ ఆటగాడైనా లేదనే అంటాడు, అనాలని మనమే నేర్పాం కదా. "ప్రాక్టీసు ఎలా గడిచింది?" అంటే ప్రశ్న ఆటగాడి సత్తా మీదికి కాక, చేసిన పని మీదికి వెళుతుంది. ఆటగాడికి పౌరుషం అడ్డు రాదు.

మూడో వివరం నాకు అన్నిటికంటే ఇష్టం. కొలబద్ద మీద ఏడు పక్కన "చాలా కష్టం" అని ఉంటుంది, పది పక్కన "పూర్తి శక్తి" అని ఉంటుంది. మధ్యలో ఉన్న ఎనిమిదికీ, తొమ్మిదికీ ఎదురుగా ఏ మాటా ఉండదు. ఆరు పక్కనా ఖాళీయే. శ్రమ పెరిగే కొద్దీ మాటలు దూరం దూరంగా జరుగుతాయి. చాలా కష్టానికీ, చేతకాని స్థితికీ నడుమ ఉన్న మెట్లను మాటలు పట్టుకోలేవని బోర్గ్‌కు తెలుసు. అందుకని అక్కడ ఆటగాణ్ణి అంకెతోనే వదిలేశాడు. ప్రతి అంకెకూ ఒక మాట తగిలించాలన్న యావ ఉన్నవాడు ఈ పని చేయలేడు.

"ఆటగాడి మాటను లెక్క ఎలా అంటాం?" అని పాతకాలపు కోచ్‌లూ కొత్తకాలపు యంత్రాలవాళ్లూ ఇద్దరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు అన్నా సా, లూయానా మెయిన్, పాల్ గాస్టిన్ ఇచ్చారు. అంతదాకా వచ్చిన 56 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. శిక్షణ భారం పెరిగినప్పుడు, తగ్గినప్పుడు ఆ మార్పును రక్తంలోని హార్మోన్లూ, గుండె కొలతలూ పట్టుకున్నదానికంటే ఆటగాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న జవాబులే నిలకడగా, సున్నితంగా పట్టుకున్నాయని తేల్చారు. మనిషికి తన ఒళ్లు తెలుసు. అడిగే ఓపిక ఉండాలి.

అయితే ఆటగాణ్ణి అడగకపోతే వచ్చే నష్టం ఏమిటి? కోచ్‌కి తను ఏం చేయించాడో తెలుసు కదా? ఫోస్టర్, అతని సహచరులు పరుగు పందేల ఆటగాళ్ల మీద ఇదే పరీక్షించారు. కోచ్ తేలిక అనుకుని రాసిన రోజు ఆటగాళ్లు అంతకంటే గట్టిగా చేశారు. కష్టమైన రోజని అనుకున్నప్పుడు అంతకంటే తక్కువ చేశారు. అంటే కోచ్ కాగితం మీద ఎత్తుపల్లాలుగా గీసిన వారం ఆటగాడి ఒంట్లో చదునై కూర్చుంది. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. తేలిక రోజున కుర్రాళ్లకు ఊపిరి మిగులుతుంది, ఒకరితో ఒకరు పోటీ పడతారు. కష్టమైన రోజుకు ఆ నిల్వ ఉండదు. ఈ సంగతి కోచ్ కంటికి కనబడదు, రెండు వారాల అంకెలు పక్కపక్కన పెడితే కనబడుతుంది.

ఆ చదును ఎందుకు ప్రమాదం అన్నదే ఫోస్టర్ పనిలో గుండెకాయ. దానికి మూలం గుర్రాల మీద జరిగిన ఒక ప్రయోగం. 1994లో ప్రచురించిన ఆ ప్రయోగంలో నెదర్లాండ్స్ పరిశోధకులు పందెపు గుర్రాలకు ఒక రోజు కఠినంగా, మర్నాడు తేలికగా శిక్షణ ఇస్తూ భారం పెంచుకుంటూ పోయారు. కఠినమైన రోజులు ఎంత పెంచినా గుర్రాలు తట్టుకున్నాయి. తేలిక రోజులను కూడా బరువు చేసేసరికి తట్టుకోలేకపోయాయి. వాటిని దెబ్బతీసింది కష్టం కాదు, కష్టానికి విరామం లేకపోవడం. ఆరుతడి పంట వేసిన రైతుకు ఇది కొత్త కాదు. తడికీ తడికీ మధ్య నేల ఆరే గడువు కూడా సేద్యంలో భాగమే. రోజూ నీళ్లు వదిలితే వేరు కుళ్లుతుంది.

ఫోస్టర్ ఈ సంగతిని కాగితం మీద చేసుకోగల లెక్కలోకి దించాడు. వారంలోని ఏడు రోజుల భారానికి సగటు తీయాలి. ఆ రోజులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం తీయాలి. సగటును దీనితో భాగిస్తే వచ్చేదాన్ని ఆయన మొనాటనీ అన్నాడు. మనం ఒకేతీరు అనుకోవచ్చు. ఆ అంకెను వారం మొత్తం భారంతో గుణిస్తే స్ట్రెయిన్, అంటే ఒత్తిడి.

ఊహకు ఒక జట్టును తీసుకుని వేసి చూద్దాం. మొదటి వారం సోమవారం నుంచి శనివారం దాకా రోజూ 90 నిమిషాలు, అంకె ఆరు. రోజుకు 540, ఆదివారం సెలవు. వారం మొత్తం 3,240. ఒకేతీరు 2.27 వస్తుంది. ఒత్తిడి సుమారు 7,350.

రెండో వారం మొత్తం భారం మార్చకుండా రోజుల్ని మాత్రం మారుద్దాం. సోమవారం 120 నిమిషాలు, అంకె ఎనిమిది, 960. మంగళవారం గంటసేపు సర్వీసులు, పాసింగు, అంకె మూడు, 180. బుధవారం 100 నిమిషాలు, ఏడు, 700. గురువారం మళ్లీ 180. శుక్రవారం 100 నిమిషాలు, ఎనిమిది, 800. శనివారం 70 నిమిషాలు, ఆరు, 420. ఆదివారం సెలవు. కూడితే అదే 3,240. ఒకేతీరు మాత్రం 1.27కి దిగింది. ఒత్తిడి 4,125.

రెండు వారాల్లోనూ ఆటగాళ్లు చేసిన పని ఒక్కటే. పైగా రెండో వారంలో అతి కఠినమైన రోజు మొదటి వారంలోని ఏ రోజు కంటే చాలా బరువైనది. అయినా ఒత్తిడి దాదాపు 44 శాతం తక్కువ. ఈ తేడా తెచ్చింది మంగళ, గురువారాలు. తేలిక రోజును బద్ధకమని తిట్టే ప్రతి కోచ్ ఈ రెండు వరసల్నీ తన చేత్తో తాను ఒకసారి కూడి చూసుకోవాలి. ఆటగాళ్లకు వచ్చిన జలుబు, జ్వరం లాంటి జబ్బుల్లో ఎక్కువ భాగం ఇలాంటి అంకెలు ఒక్కసారిగా పైకి లేచిన కొద్ది రోజులకే వచ్చాయని ఫోస్టర్ 1998 పత్రంలో చూపించాడు. ఏ అంకె దగ్గర ప్రమాదం మొదలవుతుందో అందరికీ కలిపి ఒకే గీత గీయలేదు. ఎవరి గీత వారిదే అన్నాడు. ఆ నిగ్రహం కూడా పనితనమే.

ఇంత మెచ్చుకున్నాక దీనికి అందనిదేమిటో కూడా చెప్పాలి. ఆరు అన్న అంకె మొత్తం మనిషి గురించి చెబుతుంది, మోకాలి గురించి విడిగా చెప్పదు. వాలీబాల్‌లో ఆటగాణ్ణి ఆటకు దూరం చేసేది చాలాసార్లు మోకాలే. మోకాలిచిప్ప కింది స్నాయువు నొప్పికి జంపర్స్ నీ అన్న పేరు 1973 నుంచి ఉంది. నార్వేలో మేటి క్రీడాకారులను పరీక్షించి 2005లో ప్రచురించిన లెక్కలో వాలీబాల్ ఆటగాళ్లలో 45 శాతం మందికి ఆ నొప్పి అప్పటికే ఉంది. బాస్కెట్‌బాల్‌లో అది 32 శాతం. పరిశీలించిన తొమ్మిది ఆటల్లో వాలీబాల్‌దే మొదటి స్థానం.

అదే దేశంలో హోవార్డ్ విస్నెస్, రొఆల్డ్ బార్ కలిసి చేసిన పని ఓపికకు నమూనా. వాలీబాల్ శిక్షణ ఇచ్చే ఒక పాఠశాలలో చేరిన 141 మంది పిల్లలను, చేరేనాటికి మోకాళ్లు బాగున్నవాళ్లను తీసుకుని ఏళ్ల తరబడి గమనించారు. వారిలో 28 మందికి నొప్పి వచ్చింది: 22 మంది అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు. నొప్పి వచ్చినవాళ్లు మిగతావాళ్ల కంటే వారానికి రెండు గంటలకు పైగా ఎక్కువ వాలీబాల్ శిక్షణ పొందారు. మ్యాచ్‌ల్లో ఎక్కువ సెట్లు ఆడటం అంతకంటే బలమైన కారణంగా తేలింది. ఇంకో సంగతి కలవరపెడుతుంది. మొదటి రోజే మిగతావారి కంటే ఎత్తు ఎగరగలిగిన పిల్లలకే ఈ నొప్పి ఎక్కువగా వచ్చింది. జట్టులో మంచి జంపర్ ఎవడో వాడి మోకాలే ముందు పోతుంది. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రతి కీలకమైన బంతీ వాడికే వెళుతుంది. బడి జట్టులో వాడే, మండల జట్టులో వాడే, జిల్లా జట్టులోనూ వాడే. ముగ్గురు కోచ్‌లూ ఎవరి ప్రాక్టీసు వాళ్లు చేయిస్తారు. ముగ్గురి లెక్కల్నీ ఆ మోకాలు ఒక్కటే కూడుకుంటుంది.

మరి జంప్‌లు లెక్కపెడితే? అదీ చేశారు. రొఆల్డ్ బార్, మార్టిన్ బార్ 2014లో ప్రచురించిన పరిశీలనలో అలాంటి పిల్లల ప్రాక్టీసులనూ మ్యాచ్‌లనూ వీడియో తీసి 11,943 జంప్‌లను ఒక్కొక్కటిగా లెక్కగట్టారు. తెర ముందు కూర్చుని దాదాపు 12 వేల జంప్‌లు గుర్తు పెట్టుకుంటూ పోవడం ఎంత పనో ఆలోచించండి. దానికి దక్కిన ఫలితం చిన్నది కాదు. ఒకే కోర్టులో, ఒకే కోచ్ దగ్గర ఆడుతున్న అబ్బాయిల్లో ఒకరి వారపు లెక్క వంద దాటకపోతే మరొకరిది ఆరు వందలు దాటింది. "జట్టుకు రెండు గంటల ప్రాక్టీసు" అన్న మాటకు అర్థం లేదని ఆ రెండు అంకెలు తేల్చేశాయి. జట్టుకు ప్రాక్టీసు ఉండొచ్చు, జంప్‌లు మాత్రం ఒక్కో ఆటగాడికి ఒక్కో రకం.

ఆడే స్థానమే దీనికి సగం కారణం. సెట్టర్, మన కోర్టుల్లో లిఫ్టర్ అనే ఆటగాడు, చాలాసార్లు గాల్లోకి లేచే బంతి అందిస్తాడు. లెక్కలో అతనివే ఎక్కువ జంప్‌లు కావచ్చు, కానీ వాటిలో చాలా మటుకు సగం ఎత్తువి. మిడిల్ బ్లాకర్ ప్రతి దాడికీ అటో ఇటో కదిలి లేవాలి, బంతి తనకు రాకపోయినా వచ్చినట్టు భ్రమ కల్పించడానికి లేవాలి. స్మాష్ కొట్టే ఆపోజిట్ ఎగిరేవి తక్కువైనా దాదాపు అన్నీ తన పూర్తి ఎత్తుకు. 1998లో అంతర్జాతీయ నిబంధనల్లోకి వచ్చిన, వెనక వరసలోనే ఆడే లిబరోకు బ్లాక్ చేసే హక్కే లేదు. అతని అలసట మోకాలిచిప్పలో కాదు, తుంటిలో, నడుములో, నేలను గీసుకున్న మోచేతుల్లో ఉంటుంది. నడుముకు కట్టుకునే చిన్న పరికరాలు ఇప్పుడు జంప్‌లను బాగానే లెక్కపెడుతున్నాయి. ఎత్తు చెప్పడంలో మాత్రం ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించేవి ఉన్నాయి. అందుకే పరికరం చెప్పిన జంప్‌ల సంఖ్య పక్కన ఆటగాడు చెప్పిన అంకెను రాసుకోవాలి. సెట్టర్ 120 జంప్‌లు ఎగిరి నాలుగన్నాడు, ఆపోజిట్ 70 ఎగిరి ఎనిమిదన్నాడు అనుకోండి, రేపు ఎవరికి విశ్రాంతి ఇవ్వాలో వేరే చెప్పనక్కర్లేదు.

మూడో పనిముట్టు ఒక ఇటలీ పరిశోధకుడి నుంచి వచ్చింది. కార్మెలో బోస్కో ఫిన్లండ్‌లోని యువాస్కులాలో పావో కోమి దగ్గర కండరాల సాగుడు గురించి పరిశోధన చేశాడు. 1983లో పెక్కా లుహ్తనెన్, కోమిలతో కలిసి జంప్‌ను కొలిచే ఒక తేలిక పద్ధతి ప్రచురించాడు. అంతకుముందు గోడకు చేతితో సున్నపు గుర్తు పెట్టించేవారు, లేకపోతే పాదాలు నేలను తన్నే బలాన్ని కొలిచే ఖరీదైన బలఫలకం మీద నిలబెట్టేవారు. బోస్కో ఎత్తును కొలవడమే మానేశాడు. పాదాలు నేలను వదిలిన క్షణం నుంచి మళ్లీ తాకే క్షణం దాకా ఎంతసేపు గాల్లో ఉన్నాడో సెకనులో వెయ్యో వంతు దాకా గడియారంతో పట్టుకున్నాడు. మిగతాది న్యూటన్ చూసుకుంటాడు. పైకి వెళ్లడానికి సగం కాలం, దిగడానికి సగం కాలం. కాబట్టి గాల్లో ఉన్న కాలాన్ని దానితోనే గుణించి, 9.81తో గుణించి, ఎనిమిదితో భాగిస్తే ఎత్తు మీటర్లలో వచ్చేస్తుంది.

0.60 సెకను గాల్లో ఉన్నవాడు 44 సెంటీమీటర్లు ఎగిరాడు. కఠినమైన వారం తర్వాత అతనే 0.58 సెకను ఉన్నాడనుకోండి, అది 41. కంటిరెప్ప పాటు కూడా లేని తేడా మూడు సెంటీమీటర్లు తినేసింది. నెట్ దగ్గర మూడు సెంటీమీటర్లంటే బ్లాకర్ వేళ్లను దాటే బంతికీ, వేళ్లకు తగిలి తిరిగొచ్చే బంతికీ ఉన్న తేడా. అయితే ఈ కొలతకు శుభ్రత కావాలి. చేతులు నడుము మీదే ఉండాలి, లేకపోతే చేతుల ఊపు కాళ్ల అలసటను కప్పేస్తుంది. దిగేటప్పుడు మోకాళ్లు ముడుచుకుంటే గాల్లో ఎక్కువసేపు ఉన్నట్టు తప్పుడు లెక్క వస్తుంది. రోజూ ఒకే వేళకు, ఒకే రకంగా ఒళ్లు వేడి చేసుకున్నాక ఎగరాలి. ఇప్పుడు ఈ పని సెల్‌ఫోన్‌తో కూడా చేసుకోవచ్చు. స్పెయిన్ పరిశోధకుడు కార్లోస్ బల్సలోబ్రే-ఫెర్నాండెజ్ ఫోన్‌లోని వేగవంతమైన వీడియోతో పాదం లేచిన చిత్రాన్నీ దిగిన చిత్రాన్నీ గుర్తుపట్టి ఎత్తు చెప్పే యాప్ చేసి, బలఫలకంతో పోల్చి 2015లో ప్రచురించాడు. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోన్‌లో ఒక చిత్రం తేడా వస్తే ఆరు మిల్లీమీటర్లే తప్పుతుంది. సెకనుకు 30 చిత్రాల మామూలు వీడియో మాత్రం పనికిరాదు. దానిలో ఒక్క చిత్రం తేడా ఐదు సెంటీమీటర్లు. మనం వెతుకుతున్న అలసట కంటే తప్పే పెద్దది.

అయినా జంప్ ఎత్తు కూడా అన్నిసార్లూ నిజం చెప్పదు. అలిసిన ఆటగాడు మామూలు కంటే లోతుగా వంగి, ఎక్కువ సమయం తీసుకుని పాత ఎత్తునే తెచ్చుకోగలడు. మ్యాచ్‌లో ఆ అదనపు సమయం ఎవరూ ఇవ్వరు. కాబట్టి జంప్ ఎత్తు పడిపోతే నమ్మాలి, పడిపోకపోతే నమ్మకం వాయిదా వేసి ఆటగాణ్ణి అడగాలి. మూడు పనిముట్లలో ఏదీ మరోదాని స్థానం తీసుకోదు. ఆటగాడి అంకె మొత్తం మనిషిని చూస్తుంది, జంప్‌ల లెక్క మోకాలిని చూస్తుంది, గాల్లో ఉన్న కాలం కండరాన్ని చూస్తుంది.

పనితనం లోపించిన ఉదాహరణ కూడా ఒకటి చూడాలి. ఆస్ట్రేలియాకు చెందిన టిమ్ గాబెట్ రాతలతో 2016 ప్రాంతంలో ఒక నిష్పత్తి ప్రపంచమంతా పాకింది. ఈ వారం భారాన్ని, ఈ వారంతో కలిపి గత నాలుగు వారాల సగటుతో భాగించి, ఫలితం 0.8కీ 1.3కీ మధ్య ఉంటే ఆటగాడు క్షేమం అన్నారు. వినడానికి ఎంత హాయిగా ఉందో. జట్ల గోడల మీద ఎరుపు, ఆకుపచ్చ రంగుల పట్టికలు వెలిశాయి. ఫ్రాంకో ఇంపెల్లిజెరి తదితరులు దాన్ని విప్పి చూసి 2020లో గట్టిగా విమర్శించారు. ఈ వారపు అంకె లవంలోనూ ఉంది, హారంలోని సగటులోనూ ఉంది. ఆ నిష్పత్తి మారిస్తే గాయాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదు. నాకు వాళ్ల వాదన సరైనదిగానే తోచింది. భారం ఉన్నట్టుండి పెంచకూడదన్న మాట మంచిదే. ఆ మాట చెప్పడానికి రెండు దశాంశ అంకెల గీతలు అక్కర్లేదు. ఫోస్టర్ ఎవరి గీత వారిదేనని ఆగిపోయిన చోట ఈ నిష్పత్తి అందరికీ ఒకే గీత గీసింది.

మన దగ్గరికి వద్దాం. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజన్ హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే మొత్తం జరిగింది. ఏడు జట్లు, 24 మ్యాచ్‌లు, మూడు వారాల పైచిలుకు రోజులు. సెట్టుకు 15 పాయింట్లే. అలాంటి పోటీలో నిమిషాలు తక్కువ, కానీ సర్వీసు నుంచీ ప్రతి జంప్ పూర్తి బలంతోనే. గుండె వేగమూ గడియారమూ రెండూ తక్కువ చెప్పే చోటు అది. అక్కడ ఆటగాడు చెప్పే అంకె విలువ మరింత పెరుగుతుంది. వృత్తి జట్లకు ఫిజియోలూ ట్రైనర్లూ ఉంటారు. నా ఆలోచన మాత్రం వాళ్ల కంటే ఎక్కువగా జిల్లా జట్టు శిక్షణ శిబిరాల మీద ఉంది. టోర్నమెంటు ముందు కొద్ది రోజులు రెండు పూటలా ప్రాక్టీసు, అన్ని రోజులూ ఒకే తీరు, చివరి రోజు ఇంకా గట్టిగా. పదహారేళ్ల పిల్లల్ని టోర్నమెంటుకు పంపాల్సిన నాటికి వాళ్ల కాళ్లలో ఎగిరే బలం అయిపోయి ఉంటుంది.

ఈ పద్ధతంతా ఒక షరతు మీద నిలబడి ఉంది. ఆటగాడు నిజం చెప్పాలి. తొమ్మిదన్న రోజు మ్యాచ్‌లోంచి తీసేస్తే మర్నాటి నుంచి జట్టంతా ఐదే చెబుతుంది. నలుగురి మధ్య అడిగితే పక్కవాడు చెప్పిన అంకే అందరి అంకె అవుతుంది. అమ్మాయిల జట్టులో అయితే జవాబు వెనక ఉన్న కారణం చెప్పుకోవడానికి ఒక మహిళా టీచరో, సీనియరో ఉండాలి. అంకె విన్నాక కోచ్ చేయాల్సింది ఒకటే, రేపటి ప్రాక్టీసును దానికి తగ్గట్టు మార్చడం. ఒక్కసారి అలా మార్చి చూపిస్తే చాలు, పిల్లలు మరి అబద్ధం చెప్పరు. రాసుకుని మార్చకపోతే ఆ పుస్తకం వల్ల ప్రయోజనం లేదు.

పీఈటీ మాస్టార్లకూ, క్లబ్బు కోచ్‌లకూ, శిబిరాలు నడిపే అసోసియేషన్ పెద్దలకూ నా విన్నపం. వచ్చే శిబిరానికి ఒక్కో ఆటగాడికీ ఒక పేజీ ఉండేలా ఒక పుస్తకం పెట్టండి. మొదటి రోజు నుంచే ప్రాక్టీసు అయిన అరగంటకు, ఒక్కొక్కరినీ విడిగా, ఒకే మాటలతో అడగండి. నిమిషాలతో గుణించి రాయండి. వారం చివర ఒకేతీరు అంకె తీయండి. గీత ఎవరిది వారిదే అయినా, మొదలుపెట్టడానికి ఒక గుర్తుగా, అది రెండు దాటితే వచ్చే వారం మంగళవారాన్నీ గురువారాన్నీ తేలిక చేయండి. జట్టులో అందరికంటే ఎత్తు ఎగిరే పిల్లవాడు ఇంకెన్ని జట్లకు ఆడుతున్నాడో వాణ్ణి అడిగి తెలుసుకుని, ఆ కోచ్‌లకు మీరే ఫోన్ చేయండి.